నీలి తలుపు

అక్కయ్యకు,

మీ అబ్బాయి హువారీ పాటల క్యాసెట్ ఒరాన్ నగరాన్ని ఊపేస్తోంది. టాక్సీ ఎక్కినా, చేపల బజారుకు వెళ్లినా ఆ ‘నీలి తలుపు’ పాటే. వాడికి నా దీవెనలు.

ఒక్కటే నాకు మింగుడు పడటం లేదు. పాట ఎక్కడిదిరా అని అడిగితే, "కలలో వచ్చింది పిన్నీ!" అన్నాడు. జులీఖా పెళ్లి గోరింటాకు వేడుకలో నేను అప్పటికప్పుడు కట్టి పాడిన పాట వాడి కలలోకి ఎలా వెళ్లింది? అక్కడున్నదంతా ఆడవాళ్లే. పైగా పెళ్లికూతురి ఇంటి తలుపు ఆకుపచ్చది. నేనే పొరపాటున నీలి తలుపు అన్నాను. "కళ్లజోడు ఇంట్లో పెట్టొచ్చావటే?" అని అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వే. ఆ పొరపాటు కూడా క్యాసెట్‌లోకి ఎక్కింది. ఆడవాళ్ల మధ్య పాడింది ఇలా బయటికి పొక్కుతుంటే ఇక నన్ను పాడటానికి ఏ ఇంటికి పిలుస్తారు?

నిన్నేమీ అనడం లేదు. ఆ రోజు కుస్‌కుస్ తినేటప్పుడు కూడా నువ్వు ఒళ్లోంచి సంచి దించలేదు. ఏముందని అడిగితే "మందుబిళ్లలే" అన్నావు. బిళ్లలకు అంత బరువెందుకో, నా పాట అయిపోగానే సంచిలో టక్కుమన్నదేమిటో నాకిప్పటికీ తెలియదు.

సరే, కొత్త చరణం ఒకటి కట్టాను: "నిమ్మచెట్టు కింద నా చెప్పు ఒకటే మిగిలింది, రెండోది నీ వెంటే నడిచిపోయింది." ఎలా ఉందో రాయి. ఇంకా ఎవరి ముందూ పాడలేదు. నా కూతురికి కూడా వినిపించలేదు. నీకొక్కదానికే రాస్తున్నాను.

హువారీ తరువాతి క్యాసెట్ ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

నీ చెల్లెలు