నిమ్మకాయలు ఎవరు పెట్టాలి

ఏమయ్యా, ఘట్‌కేసర్ దాటాక టీ కోసం బండి ఆపారు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నువ్వు పోయి ఏడాదైంది, ఇది నీకు చేరదని తెలుసు. అయినా తప్పెవరిదో నువ్వే తేల్చు.

మన రాజు ఉప్పల్‌లో పాత వ్యాను కొన్నాడు. నాచారం షెడ్డులో సీట్లు పీకించి, పడుకోవడానికి బల్లలు, వంటకు గ్యాసు పొయ్యి పెట్టించాడు. ఇంటిల్లిపాదీ కాళేశ్వరం బయలుదేరాం. పొద్దున పూజలో నేను చక్రాల కింద నిమ్మకాయలు పెట్టబోతే నీ చెల్లెలు చెయ్యి పట్టుకుంది.

"వదినె, జర ఎన్కకు జరుగు. ముత్తైదువ పెట్టాలె."

"మీ అన్న బండికి పెట్టిందెవరే? ఒక్కనాడన్న ఆ బండి బోల్తా పడ్డదా?"

రాజు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "అమ్మ పెడ్తెనే బండి తీస్త, అత్తా."

పెట్టాను. నాదేమన్నా తప్పా?

ప్రతి దసరాకూ నువ్వు నడిపే ఫ్యాక్టరీ వ్యాను మన ఇంటి ముందు ఆపి నా చేతనే పెట్టించేవాడివి. చౌరస్తా దాకా ఎక్కించుకోమంటే, "కంపెనీ బండి గదనే, నీకెట్ల సీటిస్త?" అని నవ్వేవాడివి. మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డ నేను నీకు అద్దంలో కనబడతానని చెప్పేవాడివి.

ఇవాళ రాజు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. నిమ్మకాయలు చితికిన చప్పుడు మొదటిసారి బండి లోపలి నుంచి విన్నాను. పక్క అద్దంలోకి చూశాను. మన గుమ్మం కనబడింది. తాళం వేసి ఉంది, ముందు ఎవరూ లేరు.