రెండో డబ్బా

వెండెల్, రాత్రికి గుడ్లు వేసుకుని తినెయ్. కుక్కకి మందు వెయ్యడం మర్చిపోకు. నేను వీధి చివర ఓర్విల్ గారింటికి వెళ్తున్నాను. మీ అక్క పంపిన చికెన్ కూరిన రొట్టె వాళ్లకే పట్టుకెళ్తున్నాను, తిట్టుకోకు.

నిన్న చర్చి దగ్గర నేను భోజనం డబ్బాలు పంచుతుంటే ఆయన ఇంకో డబ్బా అడిగారు. "మనిషికి ఒక్కటేనండీ, వెనకవాళ్లకి వద్దా?" అని లైనంతా వినేలా అన్నాను. ఆయన తల దించుకుని వెళ్లిపోయారు. భార్య మంచం పట్టిందట, ఆ డబ్బా ఆమెకేనట. పొద్దున పాస్టరు గారు చెప్పారు.

లొరెయిన్

నిన్న రాత్రి నువ్వు మెచ్చుకుంటూ తిన్న బీఫ్ కూర నేను వండింది కాదు. లైను మొదలవకముందే మనకని రెండు డబ్బాలు తీసి పక్కన పెట్టేశాను.