చెరో దారి చూసే స్కీలు

ఇంటి నుంచి, మార్చి 11

ఒక్కగానొక్క నా ఎల్లె అక్కకి,

నీ ఫ్యాక్టరీ చేపల వాసన నీకెలా ఉందో గానీ, ఇక్కడ నాకు మాత్రం మనుషుల వాసనే పడటం లేదు. ఫోన్ చేద్దామంటే అమ్మ చెవులు నా వెనకే తిరుగుతున్నాయి. అందుకే రాస్తున్నాను. మన తమ్ముడు ఇస్సాత్ మంచు స్కూటర్ బోల్తాపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ప్రాణానికేం భయం లేదు, అప్పుడే నర్సులతో పరాచికాలు మొదలుపెట్టాడట. కానీ వాడి తొడ విరగ్గొట్టింది నేనేనని జింకల మందలు కాసే మన జట్టంతా కలిసి తీర్పు చెప్పేసింది.

వాడు కొత్త మంచు స్కూటర్ తెచ్చుకున్నాడు కదా. దాంతో వచ్చిన స్కీలు, ముందు చక్రాల బదులు జారేవి, అట్టముక్కల్లా వెడల్పుగా ఉండేవి, కింద మంచుని కోసే వెన్ను లేదు. మెత్తటి మంచులో తేలతాయి గానీ, పొద్దుటి గట్టి పెంకు మంచు మీద నువ్వు హ్యాండిల్ ఎటు తిప్పినా బండి తన ముక్కు చూసిన వైపే పోతుంది. వసంతంలో మందని తోలుకుపోయే వలసలో మనం తిరిగేదంతా పెంకు మంచు మీదే. వేరేవి ఏరుదామని వాణ్ణి కొట్టుకి లాక్కెళ్ళాను. వాడి కళ్ళన్నీ ఎర్ర రంగు వాటి మీదే.

"ఇవెంత బావున్నాయో చూడక్కా!"

"జింకల్ని తోలడానికి పోతున్నావా, వాటికి పెళ్ళిచూపులకి పోతున్నావా?" అన్నాను. కొట్టువాడు నవ్వాడు, వీడు మూతి ముడుచుకున్నాడు. చివరికి నల్లటివి తీసుకున్నాం. చూడ్డానికి వికారంగానే ఉంటాయి. కానీ కింద మధ్యలో ఒకటే లోతైన వెన్ను, దానికి గట్టి ఉక్కు బద్ద. అలాంటివి మన జట్టులో ఇంకెవరికీ లేవు.

బిగించింది నేనే. హ్యాండిల్ కదలకుండా సూటిగా కట్టాను. లూజంతా పోవాలని స్కీల కొసల్ని రబ్బరు తాడుతో దగ్గరికి లాగి, బండిని తోసే వెనక రబ్బరు పట్టా పక్కన సూటి చెక్క ఆనించి కొలిచాను. రెండు స్కీల మధ్య ఎడం వెనకకంటే ముందు గోరు మందమంత ఎక్కువుండాలి. కదిలేటప్పుడు మంచు నొక్కితే అవి సమానానికి వస్తాయి. మూడుసార్లు కొలిచాను అక్కా. గడ్డకట్టిన సరస్సు మీద ఒంటిచేత్తో నడిపి చూశాను. దారం పట్టుకుని లాగినట్టు సూటిగా పోయింది.

ఇస్సాత్ అదే బండి మీద నాన్న మంద కాస్తున్న మేతగుడిసెకి వెళ్ళి, రాత్రి అక్కడే పడుకుని, పొద్దున్నే తప్పిపోయిన జింకల కోసం గుట్ట ఏటవాలుగా వెళ్ళాడు. బండి ఒక్కసారిగా పక్కకి లాగేసి దొర్లి వాడి మీద పడింది. ముందు భాగం నుజ్జయిపోయింది, కొలిచి చూసుకోవడానికి కూడా ఏం మిగల్లేదు.

ఇక మన మిహ్కల్ బాబాయి నోరు చూడాలి. "ఆడపిల్ల సరదాకి స్పానర్ పట్టుకుంటే ఇంతే మరి" అన్నాడు, నేను పోసిన కాఫీ తాగుతూనే. థూ! వాడి ఇరవై ఏళ్ళ నాటి బండి ఇంకా నడుస్తున్నది నా చేతి చలవ వల్ల కాదూ? నేను నాన్న వైపు చూశాను, ఒక్కమాట అంటాడేమోనని. నాన్న కాఫీలో జున్నుముక్క ముంచుకుంటూ, "రావ్నా, ఇకమీదట బండ్ల జోలికి పోకు" అన్నాడు. నా పనిముట్ల పెట్టెకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

అందరిముందూ తల కొట్టేసినట్టయింది. అన్నిటికంటే అసహ్యమేమిటంటే, నా మీద నాకే అనుమానం వచ్చింది. నిద్రలోనూ చెక్క ఆనించి కొలుస్తున్నాను. అందుకని ఒక నిర్ణయానికొచ్చాను, నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఏప్రిల్‌లో దొడ్డిలో మందల్ని వేరుచేసే రోజున చెవికి నా కోతగుర్తున్న జింకలన్నీ ఏరుకుని అవతలి లోయ జట్టులో కలిసిపోతాను. నాన్న జట్టులో ఇక ఉండను.

ఒళ్ళు మండిపోతున్న నీ చెల్లెలు,
రావ్నా


మేత దారిలో, మార్చి 29

అక్కా, ఎల్లె అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే ఏదో ఒకటి పగలగొడతావు.

నా జింకలు ఎన్నున్నాయో ముందే లెక్క చూసుకుందామని గుట్టవైపు వెళ్ళాను. మొన్న మూడురోజులు ఊపిరాడనివ్వని గాలి వీచి మెత్తటి మంచంతా ఊడ్చుకుపోయింది. అలాంటప్పుడు పాత జాడలు పైకి లేచి నిలబడటం నీకు గుర్తుండే ఉంటుంది. బండి తొక్కిన చోట మంచు గట్టిపడి గాలికి ఎగరదు, చుట్టూ ఉన్నది పోతుంది. చిన్నప్పుడు వాటి మీద కాళ్ళు జారకుండా నడవాలని పందేలు వేసుకునేవాళ్ళం.

సరస్సు మలుపులో ఇస్సాత్ జాడ కనబడింది. వాడికి పుట్టినప్పటినుంచీ అడ్డదారుల పిచ్చి, ఆ వైపు ఇంకెవరూ పోరు. పైగా ఒంటి వెన్ను స్కీలు. సన్నగా, శుభ్రంగా, గీత గీసినట్టు రెండు చాళ్ళు. నా గుండె కుదుటపడింది. నేను సరిగ్గానే పెట్టాను! అలా నాన్న గుడిసె దాకా వచ్చాయి.

గుడిసె అవతల గుట్టవైపు పోయే జాడ చూద్దును కదా, అది ఆ బండిదేనా అనిపించింది. అదే ఒంటి వెన్ను, కానీ రెండు చాళ్ళూ చిరిగిన గుడ్డల్లా ఉన్నాయి. స్కీలు ముక్కులు లోపలికి తిప్పుకుని మంచుని పక్కకి దున్నుకుంటూ పోయాయి. జాడ పాములా వంకర్లు తిరిగింది. పిచ్చి వెధవ, హ్యాండిల్‌తో ఎంత కుస్తీ పట్టాడో పాపం! గుడిసెకి వచ్చిన బండి వేరు, గుడిసె నుంచి పోయిన బండి వేరు. మధ్యలో ఉన్నది నాన్న ఒక్కడే.

తిన్నగా గుడిసెలోకి వెళ్ళాను. నాన్న మూలుగుబొమికలు ఉడికిస్తున్నాడు. "రా, నీకిష్టమైన బొమిక ఉంది" అన్నాడు.

"ఆ పొద్దున ఇస్సాత్ బండి ముట్టుకున్నావా?"

నాన్న గరిటె ఆపలేదు. "ముట్టుకోకేం? ఆ స్కీలు చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. మొగుడూ పెళ్ళాం అలిగినట్టు ఒకటి అటూ ఒకటి ఇటూ చూస్తున్నాయి. కాస్త ముక్కులు కలిపాను."

"అవి నీ కాళ్ళకి కట్టుకునే చెక్క స్కీలు కావు నాన్నా!"

"స్కీలు స్కీలే. నేను నడక రాకముందు నుంచీ వాటి మీద ఉన్నాను."

"అలా కలిపితే బండి తనతో తనే పోట్లాడుకుంటుంది. నీ కొడుకు తొడ విరిగింది!"

అప్పుడు గరిటె ఆగింది. "తర్వాత అనుమానమొచ్చింది" అన్నాడు నెమ్మదిగా.

"అనుమానమొచ్చీ నా పెట్టెకి తాళం వేశావా?"

"నేనే చేశానంటే ఈ జట్టులో నా మాట ఇంకెవడు వింటాడే? వలస నడిపించేది నేను. నువ్వు గట్టిదానివి, తట్టుకుంటావనుకున్నాను."

విన్నావా అక్కా? గట్టిదాన్నట! మొయ్యగలదు కదా అని నెత్తిన పెంటబుట్ట పెట్టినట్టుంది. నా బండి మీదున్న కొలత చెక్కా రబ్బరుతాడూ తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర విసిరేశాను. "నీ బండివి కొలుచుకో. ఎంత గొప్పవాడివో తెలుస్తుంది" అని వచ్చేశాను.

దారిలో సిగ్నల్ దొరికిన చోట ఇస్సాత్‌కి ఫోన్ చేశాను. నేను గట్టిగా అడిగితే, "నాన్న స్పానర్ పట్టుకుని వంగి ఉండటం చూశానక్కా" అన్నాడు. మరి ఇన్నాళ్ళూ నోరెందుకు మూసుకున్నావురా అంటే, "నాన్న కదక్కా" అన్నాడు. నేనెవర్ని మరి? పక్కింటిదాన్నా? ఛీ, వీళ్ళ మధ్య ఇంకో శీతకాలం గడపడం నా వల్ల కాదు. అవతలి లోయవాళ్ళకి కబురు పంపేశాను. వాళ్ళు రమ్మన్నారు.

ఎవరూ అక్కర్లేని,
రావ్నా


దొడ్డి దగ్గర్నుంచి, ఏప్రిల్ 14

తల్లిలాంటి మా అక్కకి,

నీ జవాబు అందింది. నాన్నని నువ్వు తిట్టిన తిట్లు రెండుసార్లు చదువుకున్నాను, కడుపు నిండింది. ఇప్పుడు జరిగింది విను.

నిన్న దొడ్డిలో అన్ని కుటుంబాలూ ఉన్నాయి. నేను ఎవరితోనూ మాట్లాడకుండా నా చెవిగుర్తు వాటిని ఒక్కొక్కటే తాడేసి పట్టి పక్క దొడ్డిలోకి తోస్తున్నాను. ఏడు పట్టాను. "ఏమే, అలిగావా?" అని మిహ్కల్ బాబాయి ఇకిలించాడు. ఎనిమిదోదానికి తాడు విసరబోతుంటే నాన్న తన పాత స్కూటర్ మీద గేటు దగ్గరికొచ్చి ఆగాడు. ఒళ్ళో నా కొలత చెక్క ఉంది.

"రావ్నా, నా బండి కాస్త చూడు."

దొడ్డంతా మా వైపు తిరిగింది. నాన్న తన బండిని ఇన్నేళ్ళలో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, నీకు తెలుసు.

"బండ్ల జోలికి పోవద్దన్నావుగా?"

"అన్నాను."

"ఎందుకన్నావో కూడా అందరికీ చెప్పు."

చెప్పడేమో అనుకున్నాను. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మిహ్కల్ బాబాయి వైపు చూశాడు. ఆ కాసేపట్లో నాకు నాన్న మీదున్న అసహ్యం ఇంకా పెరిగింది. అప్పుడు చెప్పాడు, అందరికీ వినబడేలా. "ఇది స్కీలు సరిగ్గానే పెట్టింది. పాడుచేసింది నేను. ఇస్సాత్ తొడ విరిగింది నా చేత్తో. తెలిసీ నింద దీని మీదికి పోనిచ్చాను." మిహ్కల్ బాబాయి తన బండి స్కీల వైపు తొంగి చూసుకున్నాడు.

"వలస నడిపించడానికి మీకు ఇంకెవరైనా కావాలంటే చూసుకోండి" అని నాన్న నా పనిముట్ల పెట్టె తాళంచెవి చేతిలో పెట్టాడు.

వంగి చెక్క ఆనించాను. అక్కా, ఆయన స్కీల ముక్కులు రెండు వేళ్ళ మందం లోపలికున్నాయి! ఉక్కు బద్దలు ఒకవైపే అరిగి కత్తుల్లా తయారయ్యాయి. "ఎప్పట్నుంచి ఇలా?" అన్నాను. "కొన్న రోజు నుంచి" అన్నాడు. అంటే పద్నాలుగేళ్ళు. రబ్బరుతాడు ఆయన్నే పట్టుకోమన్నాను. నట్లు వదులు చేసి, స్కీలని తిప్పే కడ్డీలు సరిచేసి, కొలిచి బిగించాను. ఆయన చెప్పిన పని చెప్పినట్టు చేశాడు, అదీ మొదటిసారి.

తర్వాత సరస్సు మీదికి పోనిచ్చాడు. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. బండి సూటిగా పోతోంది. సగం దూరం పోయాక ఒక చెయ్యి హ్యాండిల్ మీంచి తీశాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు. తిరిగొచ్చి ఇంజన్ ఆపి చాలాసేపు దిగలేదు.

"నా భుజాలు చూశావుగా, సాయంత్రానికి చెయ్యి లేపి చెంచా పట్టలేను. ముసలితనం అనుకున్నానే ఇన్నేళ్ళూ" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది, ఏడుపొచ్చినందుకు కోపమొచ్చింది. "ఒక్కసారి నన్ను అడిగి ఉంటే సరిపోయేది కదా!" అని అరిచాను. "అవునే" అన్నాడు. అంతే అన్నాడు.

అసహ్యం పోయిందా అంటే పోలేదక్కా. నిన్న రాత్రి ఆయన పెట్టిన మూలుగుబొమిక తిన్నాను గానీ మొహం చూడకుండా తిన్నాను. ఇస్సాత్ ఇంటికొచ్చాక వాడికి వేరే పెళ్ళి చేస్తాను. అవతలి లోయవాళ్ళకి మాత్రం ఈ ఏడాది రాలేనని చెప్పాను. ఆ ఏడు జింకల్నీ తిరిగి మందలోకి వదిలేశాను. ఈ పొద్దున నిద్రలేచేసరికి నా గుడారం ముందు తొమ్మిది బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నిటికంటే ముందున్నది మిహ్కల్ బాబాయిది. దాన్ని ఆఖర్న చూస్తాను, ఎండలో నిలబడనీ.

నేను రాసిన మొదటి ఉత్తరం పారెయ్యకు. నాన్న మళ్ళీ స్పానర్ ముట్టుకుంటే ఆయనకి చదివి వినిపించాలి.

చేతులకి గ్రీజు మరకలతో,
నీ రావ్నా