సముద్రానికి సెలవు

పోలయ్యా,

ఈరోజు వేట నిషేధం మొదలైంది. నువ్వు పోయాక ఇదే మొదటిది. చేపలు గుడ్లు పెట్టుకోవాలని ఏటా ఇచ్చే సెలవు కదా, మైపాడులో పడవలన్నీ ఒడ్డెక్కాయి.

నెల్లూరులో బాడీబిల్డింగ్ పోటీ దగ్గర పడింది. మందులు వాడకుండా కండ పెంచినవాళ్లకే అది. వారంగా నాకు సరిగా నిద్ర లేదు. మొన్న ఎత్తిన బరువు నిన్న లేవలేదు. లేవలేదన్న కోపంతో ఇంకో గంట ఎక్కువ చేశాను. ఈ మధ్యాహ్నం మళ్లీ జిమ్ముకే బయలుదేరితే, దారిలో నీ పడవ కనిపించింది.

"సముద్రానికే సెలవిస్తారు గదరా, నీ భుజాలకియ్యవా?" అంటూ ఏటా ఈరోజున నా చేతిలో డంబెల్ లాక్కునేవాడివి.

జిమ్ముకి పోకుండా నీ పడవ నీడలో పడుకున్నాను. లేచేసరికి పొద్దు వాలింది. ఎదురుగా మీ రమణమ్మ నిలబడి ఉంది.

"ఏందన్నా, కసరత్తుకి పోలేదా?"

"సెలవు పెట్టినానమ్మా."

"నువ్వా! ఆయనుంటే నమ్మేవాడే కాదు," అని నవ్వింది. ఇంటికి వెళ్లి, నువ్వున్నప్పుడు మనిద్దరికీ వండినట్టే, నా పోటీ కోసమని ఉప్పు తగ్గించి వండిన చేప తెచ్చిపెట్టింది.

నువ్వు నమ్మవనే రాస్తున్నాను. రేపు కూడా పోను.