నీ స్థానంలో వచ్చినవాడు

సూరీ,

నువ్వు చదవవని తెలుసు. ఇవాళ్టికి ఏడాదయింది కాబట్టి రాస్తున్నాను.

మనం ప్రతి మ్యాచ్‌కీ వెళ్ళే ఫుట్‌బాల్ టీమ్ చివరికి నీ మాటే విన్నది. సీజన్ మధ్యలో లెఫ్ట్ బ్యాక్‌లో ఆడేవాడి మోకాలు దెబ్బతిన్నది. కొత్తవాణ్ణి కొనే స్తోమత క్లబ్బుకి లేదు. "డబ్బుల్లేనోడు పేరున్నోడి కోసం ఎగబడకూడదురా. పెద్ద టీమ్‌లో బెంచీ మీద ఊరికే కూకున్నోణ్ణి అరువు తెచ్చుకోవాల" అని బస్సులో నా బుర్ర తినేవాడివి కదా. అచ్చం అలాంటివాణ్ణే తెచ్చారు. ఇవాళ బాగా ఆడాడు. గెలిచాం.

స్టేడియంలో నా వెనక సీట్లో ఒక తెలుగాయన కొడుకుతో, "సీజన్ మధ్యలో ఇంత చవగ్గా ఇంకెవడొస్తాడురా?" అన్నాడు.

"గుడ్ డీల్ లా, డాడీ. పాతవాడు ఇంక అక్కర్లేదు" అన్నాడు ఆ కొడుకు, ఇక్కడే పుట్టి పెరిగిన సింగపూర్ యాసలో.

లేచి ఇద్దర్నీ కొట్టాలనిపించింది. నువ్వు షిప్‌యార్డ్‌లో పరంజా మీంచి పడి చనిపోయిన వారంలోనే మన సూపర్‌వైజర్ ఇంకో యార్డు నుంచి మనిషిని తెచ్చాడు. తక్కువకే దొరికాడని మురిసిపోయాడు. పని ఒక్క రోజు కూడా ఆగలేదు.

క్రాంజీ డార్మిటరీలో నీ మంచం కూడా వాడికే ఇచ్చారు. కడప మనిషి. వాడి తప్పేమీ లేదు, నాకు తెలుసు. మధ్యాహ్నం నేను బయల్దేరుతుంటే, "అన్నా, నేనూ వస్తా మ్యాచ్‌కి. ఆదివారం ఒగన్నే ఈడ ఏం జేసేది?" అని అడిగాడు.

టికెట్లు అయిపోయాయని చెప్పాను.

స్టేడియం సగం ఖాళీ, సూరీ. నా పక్క సీటు కూడా.