గద్దె మీద గంటె

అవ్వా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి యాడాది. నా బిడ్డ, నీ మనుమరాలు, ఏం చేసిందో ఎవలికి చెప్పుకోవాలె? నీకే రాస్తున్న.

తెలంగాణ కొరకు మెదక్ చౌరస్తల వంటావార్పు పెట్టిన నాడు పొద్దంతా బువ్వ వండింది నువ్వే. తెల్లారి పేపర్ల ఫొటో వచ్చింది. లీడర్లందరు పడ్డరు. నీది గంటె పట్టిన చెయ్యి ఒక్కటే పడ్డది. గా ముక్కనే కత్తిరించి బైబిల్ల దాసుకున్నవు.

గదే చౌరస్తల ఇప్పుడు కొత్త విగ్రహానికి గద్దె కట్టిండ్రు. దాని మీదికి ఎవలు వస్తరో గని, నీ అసొంటామె మాత్రం రాదు. పొద్దుగాల నేను ఊడ్వ పోయేసరికి నా బిడ్డ గా గద్దె మీద నిలబడ్డది. మొకానికి, చేతులకు సిమెంటు పూసుకున్నది. నీ చీర కట్టింది. ఫొటోల ఉన్నట్టే నీ గంటె పైకి లేపి పట్టింది. రెప్ప గూడ కొడ్తలేదు.

జనం జమైండ్రు. మున్సిపాలిటీ సూపర్‌వైజర్ ఉరికొచ్చి నన్నే అడిగిండు.

"ఎవలే ఈ పిల్ల? నీకు ఎర్కనా?"

నా నౌకరి ఇంక పర్మినెంట్ కాలేదవ్వా.

"ఎర్కలేదు సార్" అన్న.

"అయితే గుంజి కింద పడేయ్."

గుంజలేదు. విగ్రహాల చుట్టు ఊడ్చినట్టే దాని కాళ్ల చుట్టు ఊడ్చిన. అది నా దిక్కు చూడలేదు. గంటె దించలేదు.

పోలీసులు జీపుల ఎక్కించుకొని పోయిండ్రు. గంటె కింద పడ్డది.

ఇడిపించాలంటె నా బిడ్డనే అని చెప్పాలె. స్టేషన్ గేటు ముంగట కూసున్న, నీ గంటె ఒడిల పెట్టుకొని. లోపలికి పోకుండ నీకు రాస్తున్న.