తేనెటీగలకు చెప్పని మాట

నా మనవరాలు ఫ్రౌకెకు,

తాతయ్య దీవెనలు. నిండు నూరేళ్ళు చల్లగా ఉండు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. పిల్లి నాకంటే బాగుంది. కీల్‌లో మీ అమ్మ, నాన్న, నువ్వు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు పంపిన పుస్తకమూ ఉత్తరమూ అందాయి. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. నేను బడికి వెళ్ళింది చలికాలాల్లోనే. మిగతా రోజులు గొర్రెల వెంట తిరిగాను. పైకి చదివితే తప్ప నాకు అర్థం కాదు. అందుకని వంటింట్లో కూర్చుని, లైను కింద వేలు పెట్టుకుని, రోజూ కొంచెం కొంచెం చదివాను.

తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. బంగాళాదుంపల సూప్ నేర్చుకున్నాను. మొదట్లో ఉప్పు మరిచిపోయేవాణ్ణి. ఇప్పుడు వేశానో లేదోనని మళ్ళీ వేస్తున్నాను. పక్కింటి యోహెం భార్య మేటా ఆదివారాలు ఏదో ఒకటి పంపుతుంది. ఆమె మేలు మరవలేను. అమ్మమ్మ తేనెటీగలు ఎలా ఉన్నాయని కూడా అడిగావు. అది చివర్లో రాస్తాను. రాయడానికి కొంచెం కష్టం.

ముందు పుస్తకం సంగతి. సాయంత్రం కాఫీకి వచ్చినప్పుడు యోహెం కూడా విన్నాడు. పిల్లల పుస్తకమా అని మొదట నవ్వాడు. రెండో రోజు కాఫీ వేళకు ముందే వచ్చేశాడు.

ఆ బురద నేలల మీది ఇల్లు మా ఇద్దరికీ కళ్ళకు కట్టింది. ఆ ఇంట్లో ఎవరి కుర్చీ ఖాళీగా ఉంచితే వాళ్ళకు చావు లేదు. వాళ్ళు తప్ప ఇంకెవరూ అందులో కూర్చోకూడదు, అంతే. జిల్కె వాళ్ళ అమ్మ ఆ కుర్చీలకు కాపలా. ముత్తాత మూడు వందల ఏళ్ళుగా బతికే ఉన్నాడు, అలసిపోయాడు. ఒకరోజు ఆ చిన్నపిల్ల జిల్కెను పిలిచి, నా కుర్చీలో కూర్చోవే తల్లీ అని అడుగుతాడు. కూర్చోనని ఆ పిల్ల అప్పటికే అమ్మకు మాట ఇచ్చి ఉంది. చివరికి కూర్చుంటుంది.

జిల్కె చేసింది న్యాయమేనా అని మీ టీచరు అడిగితే క్లాసంతా చేతులెత్తారనీ, నువ్వొక్కదానివే ఎత్తలేదనీ రాశావు. ఇచ్చిన మాట తప్పితే ద్రోహమే కదా తాతయ్యా అని అడిగావు.

యోహెందీ నీ మాటే. "ముందు తల్లినడగాలా వద్దా? అంత తొందరేం వచ్చింది ఆ పిల్లకి? మూడొందల ఏళ్ళు ఆగినోడు ఇంకో పూట ఆగలేడా?" అని నా మీద లేచాడు, ఆ పుస్తకం నేనే రాసినట్టు.

తల్లి ఒప్పుకోదు కదా అన్నాను నేను. ఆమె ఆ కుర్చీలను వదిలి బజారుకు కూడా వెళ్ళలేదు. ఎవరైనా కూర్చుంటారేమోనని కునుకు కూడా తియ్యదు. చావు లేనిది ముసలాయనకైతే బతుకు లేనిది ఆమెకు అన్నాను. నేను అంత పొడుగు మాట అనడం యోహెం ఎప్పుడూ వినలేదు. కప్పు కింద పెట్టి నా ముఖం చూశాడు.

"ఒరేయ్ హార్మ్, ఇంతకీ నువ్వు తేనెటీగలకి చెప్పావా?" అన్నాడు.

చెప్పలేదు. అదే నీకు రాయాల్సింది.

నీకు తెలుసు కదా, తేనెటీగలు మీ అమ్మమ్మవి, నా ఆల్ముట్‌వి. నాది అవి ఉండే గడ్డి బుట్టలకు పేడ పూయడం, ఆగస్టులో మైదానం ఊదాపూలతో నిండినప్పుడు బండి కట్టి అక్కడికి తీసుకెళ్ళడం. అంతకు మించి దగ్గరికి వెళ్తే కుట్టేవి. అమ్మమ్మ మాత్రం రోజూ వాటితో మాట్లాడేది. నువ్వు పుట్టావనీ, ఆవు ఈనిందనీ, యోహెం కాలు బెణికిందనీ, ఇంటి కబురంతా చెప్పేది. ఇంటి మనిషి పోతే ఇంట్లోవాళ్ళే వెళ్ళి, ఇంటి తాళంచెవితో బుట్టను తట్టి ఆ మాట చెప్పాలి. ఇకనుంచి మీ మనిషిని నేనని కూడా చెప్పాలి. చెప్పకపోతే అవి చిక్కి చస్తాయి, లేదా మొదటి ఎండకే లేచి వెళ్ళిపోతాయి. మా ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే.

ఆస్పత్రికి వెళ్ళే ముందు అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏమయ్యా, వాటికి నువ్వే చెప్పు. యోహెం చేత చెప్పించకు. నువ్వు సిగ్గుపడతావని తెలుసు. అయినా నువ్వే చెప్పు" అంది. సరేనన్నాను.

ఆమెను చర్చి వెనక మట్టిలో ఉంచి వచ్చిన రోజున తాళంచెవి పట్టుకుని వెళ్ళాను. మంచు మోకాలి దాకా ఉంది. తట్టాను. లోపల సన్నగా రొద లేచింది. అవి వింటున్నాయి. అప్పుడు నా నోటి వెంట ఏం వచ్చిందో తెలుసా? "ఆల్ముట్‌కి మోకాళ్ళ నొప్పులు. ఈ మంచులో రాలేనంది" అన్నాను.

అక్కడితో ఆగలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆమెకు జలుబు చేసిందని చెప్పాను. ఇంకో రోజు కీల్ వెళ్ళిందన్నాను, కూతురు దగ్గర, ఫ్రౌకెకు చేతి తొడుగులు అల్లుతోందన్నాను. పదిమందిలో నోరు తెరవని నేను కథలు చెప్పడం మొదలుపెట్టాను. ఏ బుట్టకు ఏం చెప్పానో కూడా గుర్తుపెట్టుకున్నాను, మాట తేడా రాకూడదని. ఫ్రౌకె, దాచడం ఎందుకు, ఆ కాసేపు నాకు హాయిగా ఉండేది. ఆమె నిజంగానే మీ ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతున్నట్టుండేది. ఈగలు నమ్మినంత కాలం ఆమె ఉంది.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి ఈస్టర్‌కు రమ్మంటే రాననడం కూడా అందుకే. కీల్‌లో ఆమె లేదని అక్కడికొస్తే నాకు తెలిసిపోతుంది.

ఇదంతా యోహెంకు చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత, "రేపు ఎండ కాస్తుందిరా. అవి బయటికొస్తాయి. ఆమె కోసం వెతుక్కుంటాయి, అది బాగోదు. నేను రాను. కంచె అవతలుంటా" అన్నాడు.

తెల్లవారాక వెళ్ళాను. జిల్కె కూర్చోబోయే ముందు కుర్చీ అంచు పట్టుకుని నిలబడుతుంది చూడు, మొదటి బుట్ట దగ్గర అలా నిలబడ్డాను. తర్వాత తట్టి చెప్పాను. మీ ఆల్ముట్ చనిపోయింది. ఇన్నాళ్ళూ నేను చెప్పినవి అబద్ధాలు. ఇక మీ మనిషిని నేను. నాకు మీ పని ఏమీ రాదు. వెళ్ళిపోకండి.

రొద పెరిగింది. చాలాసేపు పెరిగింది. తర్వాత తగ్గింది. అన్ని బుట్టలకూ విడివిడిగా చెప్పాను. ఎండ ఎక్కాక అవి బయటికొచ్చి, చలికాలమంతా ఆపుకున్న రెట్టంతా మేటా ఆరేసిన దుప్పట్ల మీద వదిలాయి. ఆమె మమ్మల్నిద్దరినీ కలిపి తిట్టింది. యోహెం కంచె పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. సాయంత్రానికి అన్నీ తిరిగి బుట్టల్లోకి చేరాయి.

నీ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. అందరూ ఎత్తారని నువ్వు చెయ్యి ఎత్తకపోవడం నాకు నచ్చింది. మాట మీద నిలబడే పిల్లవు. కానీ నేనూ మాట మీద నిలబడ్డాననే అనుకున్నాను. ఆల్ముట్‌ను వదలకుండా పట్టుకోవడమే నమ్మకంగా ఉండడం అనుకున్నాను. ఆమె అడిగింది అది కాదు. ముత్తాత ఏమడిగాడో జిల్కె వింది. నేను వినడానికి ఇంత కాలం పట్టింది. ఇంకొకటి, కూర్చున్నాక ఆ పిల్ల ఆ కుర్చీలోనే అన్నం తిన్నది చూశావా? అక్కడ నేను చదవడం ఆపి ముక్కు తుడుచుకున్నాను. యోహెం కూడా.

ఈ పుస్తకం పంపినందుకు నీకు ఎంతో రుణపడ్డాను. యోహెంకు, మేటాకు, వెళ్ళిపోకుండా ఉన్న ఆ ఈగలకు కూడా. ఆల్ముట్‌కు అన్నిటికంటే ఎక్కువ. ఇంత సిగ్గరిని పట్టుకుని నువ్వే చెప్పు అంది. ఈస్టర్‌కు వస్తానని మీ అమ్మతో చెప్పు.

చివరగా ఒక్క మాట. ఇంటి కబురు ఇంటివాడే చెప్పాలి. ఆ రోజు నీకు మీ అమ్మ చెప్పింది. నువ్వు ఏడుస్తూ ఫోన్‌లోకి వస్తే, నేను ఇవతల ఒక్క మాటా అనకుండా నిలబడ్డాను. అందుకని ఇప్పుడు చెబుతున్నాను. ఫ్రౌకె, మీ అమ్మమ్మ చనిపోయింది. నేనున్నాను. ఇన్నాళ్ళూ ఆమెకు రాసేవన్నీ, స్నేహితుల మీద చాడీలతో సహా, ఇకనుంచి నాకు రాయి. నెమ్మదిగా చదువుతాను. పైకి చదువుతాను.

ఇట్లు,
నీ తాతయ్య,
హార్మ్